పొగగొట్టాల పరీక్ష

మా దీవుల దేశంలో కాలేజీ మార్కులు ఒకటి నుంచి అయిదు దాకా ఉంటాయి. ఒకటి తెచ్చుకున్నవాళ్ళ ఫోటో నల్లగౌనుతో సహా వాళ్ళింటి ముందుగది గోడకెక్కుతుంది. మూడు వస్తే గట్టెక్కినట్టు. అయిదు వస్తే ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అంకె పెరిగినకొద్దీ మనిషి తరిగిపోయే లెక్క ఇది. మనస్తత్వశాస్త్రం డిగ్రీలో నా సగటు రెండూ పాయింటు ఎనిమిది. మనుషులు ఎందుకు ఓడిపోతారో నాలుగేళ్ళు చదివాను. ఉదాహరణల కోసం ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయింది.

మా గోడ మీద కూడా నా ఫోటో ఉంది. కాకపోతే దాని మీద క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. మేకు ఒక్కటే ఉంది కదా అంటుంది మా అమ్మ.

మా అమ్మ ప్రభుత్వ బడిలో మూడో తరగతి టీచరు. మేం ఆమెను నానాయ్ అంటాం. ఆమె నన్ను ఇందాయ్ అంటుంది. ఇక్కడ ఆడపిల్లలందర్నీ అలాగే పిలుస్తారు గానీ, ఆమె నోట్లో ఆ మాట మెత్తగా మొదలై చురకలా ముగుస్తుంది. మా ఇలోయిలో ఊరివాళ్ళ మాట తియ్యగా ఉంటుందని దేశమంతా చెప్పుకుంటారు. నిజమే. మేం తిట్టినా జోలపాటలాగే ఉంటుంది. పడ్డవాడికి అది తిట్టని తెలిసేసరికి రెండు రోజులు పడుతుంది.

ఆ ఏడాది మా ఊళ్ళో నర్సు కానివాళ్ళు రెండే రకాలు: పోయినవాళ్ళు, నర్సింగ్‌లో చేరబోతున్నవాళ్ళు. ఇంజనీర్లు, గుమాస్తాలు, బడిపంతుళ్ళు అందరూ తెల్ల యూనిఫాం కుట్టించుకుంటున్నారు. పరాయిదేశాల్లో డాక్టరు కన్నా నర్సుకే త్వరగా తలుపు తీస్తారని తెలిశాక డాక్టర్లు కూడా వరసలో నిలబడ్డారు.

“పక్కింటి రోడెల్ నర్సింగ్‌లో చేరాడు ఇందాయ్,” అంది నానాయ్ చేప ముళ్ళు తీస్తూ.

“వాడు బ్యాంకులో చేస్తున్నాడు కదా.”

“వాళ్ళ మేనేజరు కూడా చేరాడు. ఇద్దరూ ఒకే బెంచీ.”

“నేనూ చేరతాననే అంటున్నాగా. వాళ్ళే చేర్చుకోవడం లేదు.”

“నేనూ అదే అంటున్నా. బ్యాంకుని చేర్చుకున్నారు, నిన్ను చేర్చుకోలేదు.”

నేను చేరదామనుకున్నది పరాయిదేశం కోసం కాదు. అలా అని సేవ కోసమూ కాదు. సేవ అనే మాట పలికేవాళ్ళని చూస్తే నాకు వాళ్ళ చేతులు కడిగించాలనిపిస్తుంది. సంగతి ఇంతే: మా లోలా, అంటే అమ్మమ్మ, పక్షవాతంతో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు, ఆమె నడుం దగ్గర పుండు పడి ఉంది. నేను ఉద్యోగం మానేసి ఆమె మంచం పక్కన కూచున్నాను. ఊళ్ళో అది ప్రేమ అన్నారు. నేను చదివిన శాస్త్రం ప్రకారం దాన్ని ఉద్యోగం నుంచి పారిపోవడం అంటారు. ఏమైతేనేం, రెండు గంటలకోసారి పక్క మార్చి, తుడిచి, ఆరబెట్టి, ఆ పుండు మానేలా చేశాను. తర్వాత లోలా వేరే కారణంతో పోయింది, పుండు మాత్రం మానే పోయింది. ఇరవై ఆరేళ్ళ బతుకులో నేను మొదలుపెట్టి పూర్తిచేసిన పని అదొక్కటే. అలాంటిది మరోసారి చేయాలనిపించింది. దానికి కాలేజీవాళ్ళు అడిగింది రెండున్నర సగటు.

నాలుగు కాలేజీలు మర్యాదగా కాదన్నాయి. మిగిలింది కొండవీధిలో క్రైస్తవ సిస్టర్లు నడిపేది ఒక్కటే. సగటు రెండున్నర దాటినవాళ్ళకి అక్కడ ‘ప్రత్యేక పరిశీలన’ అని ఒకటుంది. ఒక బొమ్మల పరీక్ష, ఆ మీద ఇంటర్వ్యూ. బుర్ర ఎలాగూ లేదు, కనీసం మనసైనా ఆరోగ్యంగా ఉందో లేదో చూసుకుని చేర్చుకుంటారన్నమాట.

బొమ్మల పరీక్ష అనగానే నాకు నవ్వొచ్చింది. నేను మానేసిన ఉద్యోగం అదే. ఒక పెద్ద బట్టల దుకాణంలో, సేల్స్‌గర్ల్ పనికి వచ్చిన ప్రతి పిల్లకీ తెల్లకాగితం ఇచ్చి, ఇల్లు, చెట్టు, మనిషి బొమ్మలు వేయమనేదాన్ని. బొమ్మ చూసి ఆ పిల్ల నమ్మకమైనదా, కోపిష్టిదా, గల్లాపెట్టె దగ్గర పెట్టొచ్చా కూడదా తేల్చేవాళ్ళం. తెరచాటున ఏం జరుగుతుందో ఇంత బాగా తెలిసిన అభ్యర్థి ఆ కాలేజీకి ఇంతకుముందు వచ్చి ఉండదు. జీవితంలో మొదటిసారి ఒక పరీక్షకి నేను పూర్తిగా తయారుగా ఉన్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే నానాయ్ ఒక పెన్సిల్ చేతిలో పెట్టింది. హారో చర్చిలో ఫాదర్ చేత దీవెన చేయించి తెచ్చింది.

“మొక్కుగా గుడ్లు కూడా పంపించాను మఠానికి,” అంది.

“నానాయ్, వేయాల్సింది ఇల్లూ చెట్టూ.”

“నీ చేతి ఇల్లు నేను చూశానమ్మా. అందుకే పంపించా.”

కాలేజీ వరండాలో రెండున్నర దాటినవాళ్ళం అందరం బెంచీల మీద వరసగా కూచున్నాం. జబ్బుమనుషుల ఓపీలా ఉంది గానీ, అక్కడైతే జబ్బేమిటో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇక్కడ ఎవరూ చెప్పుకోవడం లేదు. నా పక్కనున్నాయన ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. యాభై దగ్గర పడ్డ మనిషి, కాలరు మాసిన తెల్లచొక్కా, ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ. అందులోంచి కొబ్బరాకులో చుట్టి ఉడికించిన జిగురన్నం, ఇబోస్ తీసి నాకొకటి ఇచ్చాడు.

“తిను ఇందాయ్. ఖాళీ కడుపుతో వేసిన బొమ్మకి కాళ్ళు వణుకుతాయి.”

“మీరెక్కణ్ణుంచి మనోంగ్?” అన్నాను. వయసులో పెద్ద మగవాళ్ళని మాలో అలా పిలుస్తారు.

“అంతీకే జిల్లా, సముద్రం ఒడ్డు నుంచి. సర్కారు ఆరోగ్యకేంద్రంలో డాక్టర్ని. ఎర్నీల్ బరాంగన్.”

నేను నమలడం ఆపాను. “డాక్, మీరు ఈ వరండాలో ఏం చేస్తున్నారు?”

“నీలాగే. సగటు రెండూ పాయింటు తొమ్మిది. డాక్టరీలో.” ఆయన ఇంకో ఇబోస్ విప్పుకున్నాడు. “పాతికేళ్ళుగా పురుళ్ళు పోస్తున్నాను. బయటికొచ్చిన పిల్లకాయలెవరూ నా సగటు అడగలేదు. ఈ సిస్టర్లు అడిగారు.”

నేనేం చేసేదాన్నో అడిగాడు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన నా వైపు పూర్తిగా తిరిగి కూచున్నాడు.

“అయితే ఆ బొమ్మలు దేనికో నీకు తెలుసన్నమాట.”

“కొంచెం.”

“నేను మందుచీటీ తప్ప ఏదీ రాయలేను ఇందాయ్. అది కూడా మందుల షాపువాడు చదవలేడు.”

ఒకరి చేతి తిండి తిన్నాక కాదనడం మాలో లేదు. నా నోట్లో ఇంకా ఆయన ఇబోస్ ఉంది. పైగా నాకు తెలిసినదాన్ని ఎవరైనా పెద్దమనిషి అడగడం నా చదువు మొత్తంలో అదే మొదలు. సిగ్గూ గర్వమూ ఒకేసారి వస్తే మనిషి నోరు మూసుకోలేడు. అది ఏ పుస్తకంలోనూ లేదు, నా అనుభవం.

“ఇంటికి తలుపు పెట్టండి, తలుపుకి పిడి పెట్టండి,” అన్నాను గొంతు తగ్గించి. “పిడి లేకపోతే మీరెవర్నీ లోపలికి రానివ్వరని. కిటికీకి పరదాలు సగం తీసి ఉండాలి. పూర్తిగా తీస్తే సిగ్గులేనివాళ్ళు, మూస్తే దాపరికం. పైన పొగగొట్టం. పొగ సన్నగా, కుడివైపుకి.”

“పొగగొట్టమా? ఈ దేశంలో పొగగొట్టం ఉన్న ఇల్లు నేనెక్కడా చూళ్ళేదే.”

“పుస్తకం రాసినవాళ్ళ ఊళ్ళో మంచు పడుతుంది డాక్.”

“మనకి పడదుగా.”

“పడదు. కానీ పొగ లేకపోతే మనింట్లో ఆప్యాయత లేనట్టు లెక్క.”

“పొగ ఎక్కువైతే?”

“ఇంట్లో పోట్లాటలని.”

ఎదురు బెంచీలో ఒకమ్మాయి పుస్తకం మూసి వినడం మొదలెట్టింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. నేను గొంతు ఇంకా తగ్గించాను, వాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు.

“మనిషి బొమ్మ కాగితం మధ్యలో ఉండాలి,” అన్నాను. “చేతులు కనిపించాలి. జేబులో పెట్టొద్దు, దొంగబుద్ధి అంటారు.”

“వెనక్కి పెడితే మనాంగ్?” అంది ఎదురు బెంచీ అమ్మాయి, నన్ను అక్కని చేసి.

“పెద్ద దొంగబుద్ధి.”

“నాకు వేళ్ళు వేయడం రాదే.”

“ఎలాగోలా అయిదు గీతలు లాగు. పాదాలు నేలమీద ఆనాలి. నవ్వు ఉండాలి, పళ్ళు కనబడకూడదు. చెట్టుకి తొర్ర పెట్టకండి. తొర్ర అంటే చిన్నప్పటి గాయం.”

“నాకు చిన్నప్పుడు గాయం ఉందే,” అన్నాడు వెనక నుంచెవరో.

“ఇవాళ్టికి లేదు,” అన్నాడు డాక్. “ఇందాయ్ చెప్పినట్టు చెయ్.”

గంట కొట్టేసరికి నా చుట్టూ వరండా మొత్తం ఉంది. కొందరు అరచేతిలో రాసుకుంటున్నారు. ఒకావిడ తన మొగుడికి ఫోన్లో చెప్తోంది, ఎందుకో తెలీదు.

గది తలుపు తీసిన మనిషిని గుర్తుపట్టాను. ఒడెస్సా పలోమార్. కాలేజీలో నా క్లాసు. నల్లగౌను ఫోటో మీద క్యాలెండరు పడని రకం. ఈ కాలేజీలో మానసిక పరీక్షలు పెట్టేది ఆవిడేనని నాకెవరూ చెప్పలేదు. నన్ను చూసింది, కనుబొమలు కొంచెం పైకి లేపింది. మాలో అది పలకరింపు కిందే లెక్క. కాగితాలు పంచింది. ఇల్లు, చెట్టు, మనిషి, అంది. అరగంట.

నేను చివరి వరసలో కూచున్నాను. దీవించిన పెన్సిల్ తీసి, కాగితం మధ్యలో మనిషి తల కోసం చక్కటి గుండ్రం వేయబోతూ తలెత్తాను. ముందు వరసలో ఒక పొగగొట్టం లేస్తోంది. దాని పక్కన ఇంకోటి. ఎడమవైపు ఒకటి. డాక్‌ది అందరికన్నా ఎత్తుగా, ఫ్యాక్టరీదిలా ఉంది. చూస్తుండగానే గది మొత్తం సన్నటి పొగ, అన్ని ఇళ్ళమీదా ఒకే గాలి వీస్తున్నట్టు, కుడివైపుకి తిరిగింది. ముప్ఫై ఏడుగురు మనుషులు చేతులు చాపి, పళ్ళు కనబడకుండా నవ్వుతూ, ముప్ఫై ఏడు కాగితాల మధ్యలో నిలబడుతున్నారు.

నా మనిషిని నేనే అందరికీ పంచేశాను. నాకు మిగల్లేదు.

ఇప్పుడు అదే వేస్తే ఒడెస్సా రెండో నిమిషంలో పట్టేస్తుంది. వేరేది వేయాలి. వేరేది అంటే ఏది? నాలో మనిషి ఎలా ఉంటాడో వెతికాను. పుస్తకం మనిషి ఎదురొచ్చాడు, చేతులు చాపి. అతన్ని పక్కకి తప్పిస్తే అతని వెనక మళ్ళీ అతనే. నాలుగేళ్ళ చదువూ మూడేళ్ళ ఉద్యోగమూ కలిసి నాకిచ్చింది ఈ ఒక్క నవ్వుమొహం. ఇన్నాళ్ళూ ఇతరుల మనసులు కాగితం మీద చదివినదాన్ని, నా దగ్గర చదవడానికి ఏముందో చూసుకోలేదు. చూసుకోవడానికి అది సరైన సమయమూ కాదు. పావుగంట అయిపోయింది.

సరే, కళ్ళతో చూసిందేదో వేద్దామనుకున్నాను. మా ఇల్లు వేశాను. రేకుల కప్పు, దాని మీద తుఫానుకి ఎగిరిపోకుండా పడేసిన రెండు పాత టైర్లు. పుస్తకం ప్రకారం నెత్తిన బరువు మోస్తున్న మనసు. పెరట్లో చెట్టు వేశాను. మునగచెట్టు, పొద్దున్నే నానాయ్ పులుసులోకి ఆకంతా దూసేసింది. పుస్తకం ప్రకారం ఆకులేని చెట్టు ఆశలేని మనిషి. ఇక మనిషి. చెయ్యి దానంతటదే కాగితాన్ని అడ్డంగా తిప్పింది. లోలాని వేశాను. పక్కకి తిరిగి పడుకుని, మొహం గోడవైపు, వీపు నావైపు. చేతులు ముందువైపు ఉంటాయి, కనబడవు. పాదాలు దుప్పట్లో ఉన్నాయి. మొహం లేదు, చేతుల్లేవు, కాళ్ళు నేలమీద లేవు. ఇదే బొమ్మ ఏ సేల్స్‌గర్లయినా వేసి ఉంటే, నేను ఆమెను గల్లాపెట్టె దగ్గరికే కాదు, వీధి తలుపు దగ్గరికి కూడా రానిచ్చేదాన్ని కాదు.

సాయంత్రం ఇంటర్వ్యూకి నన్ను అందరికన్నా చివర్న పిలిచారు. బల్ల వెనక ప్రిన్సిపాల్ సిస్టర్ పెర్పెతువా. ఎండిన చింతకాయలా ఉంటుంది, వార్డులో ముప్ఫై ఏళ్ళు చేసిందంటారు. పక్కన ఒడెస్సా. బల్లమీద కాగితాల దొంతర.

“ముప్ఫై ఏడు ఇళ్ళు,” అంది సిస్టర్. “అన్నింటికీ పొగ. ఊళ్ళో ఏమన్నా అంటుకుందా ఒడెస్సా?”

“ఈ పొగ కుడివైపుకే పోవాలని చెప్పింది మా ప్రొఫెసర్ ఒక్కరే సిస్టర్. ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన సొంత పిచ్చి.” ఒడెస్సా నావైపు తిరిగింది. గొంతు మహా తియ్యగా ఉంది. “జినా, ఆ సబ్జెక్టులో నీకెంతొచ్చింది?”

“మూడు.”

“మూడు. నాకు ఒకటింపావు. మూడేళ్ళుగా ఇక్కడ నర్సింగ్ పిల్లలకి ఇదే నేర్పాలని చూస్తున్నా, ఒక్కళ్ళకి ఎక్కదు. నువ్వు వరండాలో కూచుని గంటలో ముప్ఫై ఏడుమందికి ఎక్కించావు.”

“డాక్ ఇబోస్ పెట్టారు.”

“అందుకని?”

సిస్టర్ మాత్రం ‘అందుకని’ అనలేదు. ఒకరి తిండి తిన్నాక కాదనలేమని ఆవిడకి తెలుసు, పాతకాలపు ఇలోయిలో మనిషి.

“మరి నీ ఇంటికి పొగేదమ్మా?” అంది.

“అందరూ వేస్తుంటే నాకు భయమేసింది సిస్టర్. నేను వేరేది వేశాను.”

ఒడెస్సా నా కాగితం పైకి తీసి, అడ్డంగా తిప్పి బల్లమీద పెట్టింది. “దీని అర్థం నేను చెప్పాలా, నువ్వు చెప్తావా?”

“నేనే చెప్తాను. మనుషులకి దూరంగా మెలిగే స్వభావం. ఏ పనీ చేతకాదన్న భావం. దిగులు. లోపల ఎవరిమీదో కోపం.”

“ఎవరిమీద?” అంది సిస్టర్.

“పుస్తకం ప్రకారం అమ్మమీద, సిస్టర్.”

“పుస్తకం లేకుండా?”

“అప్పుడు కూడా కొంచెం అమ్మమీదే.”

సిస్టర్ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. “ఎవరీవిడ?”

“మా లోలా. వీపు తుడిచేటప్పుడు నాకలాగే కనబడేది.”

“ఎడంపక్కకి తిప్పావు. మోకాళ్ళ మధ్య దిండు లేదే.”

“ఉంచనిచ్చేది కాదు. లాగి పారేసేది. తర్వాత టవల్ చుట్టి పెట్టేదాన్ని. దాన్ని మటుకు పారేసేది కాదు, టవల్ ఆవిడ పెట్టెలోది కదా.”

“పుండు?”

“ఆసుపత్రి నుంచే తెచ్చుకుంది. మానింది.”

సిస్టర్ కాగితం కింద పెట్టింది. మెచ్చుకోలేదు. నేను ఎదురుచూశాను, అబద్ధం చెప్పను. నాలాంటివాళ్ళం మెచ్చుకోలు కోసం ఎంత నిశ్శబ్దంగా ఎదురుచూస్తామంటే, రాకపోయినా ఎవరికీ తెలియదు.

“విను,” అంది ఒడెస్సా. ఈసారి ఆమె గొంతులో తీపి లేదు, అంచేత అది నిజమని తెలిసింది. “ఆ ముప్ఫై ఏడూ చెల్లవు. అన్నీ ఒకటే కాబట్టి. వాళ్ళకి వచ్చేవారం ఇంకో పరీక్ష పెడతాం, వానలో మనిషి బొమ్మ. నీది చెల్లింది. చెల్లినదానికి రెండో అవకాశం లేదు. చెల్లిన బొమ్మ ప్రకారం నువ్వు రోగి మంచం దగ్గరికి పనికిరావు. నేను అలాగే రాయాలి.”

“కాపీ కొట్టినవాళ్ళకి మళ్ళీ పరీక్ష. కొట్టనందుకు నాకు లేదు.”

“రూలు నేను రాయలేదు.”

“నాకు తెలుసు. రాసి ఉంటే ఇంత తెలివితక్కువగా ఉండేది కాదు.”

అది ఆమెకి పొగడ్తలా తాకింది. నవ్వు ఆపుకుంది. నేను లేచి నిలబడ్డాను. అయిదో కాలేజీ కూడా అయిపోయింది. నానాయ్ పంపిన గుడ్లు ఈపాటికి మఠంలో ఆమ్లెట్లయి ఉంటాయనుకున్నాను. ఏడుపు రాలేదు. ఏడుపు రానప్పుడు ఏమవుతుందో చదివాను, అదొక రక్షణ. దానికి పేరు కూడా ఉంది. పేరు గుర్తుకు రాలేదు, మూడు మార్కుల మనిషిని కదా.

తలుపు దగ్గరికి వెళ్ళాక సిస్టర్ గొంతు వినబడింది. నాతో కాదు.

“ఒడెస్సా, మొదటేడు వాళ్ళకి సైకాలజీ చెప్పే మనిషి దొరికిందా?”

“లేదు సిస్టర్. వెళ్ళిపోయినావిడ స్థానంలో ఎవరూ రావట్లేదు.”

“ఎందుకెళ్ళింది ఆవిడ?”

“నర్సింగ్‌లో చేరింది. వేరే కాలేజీలో.”

“డిగ్రీ ఉంటే చాలుగా ఆ ఉద్యోగానికి?”

“చాలు. మన జీతానికి అంతకన్నా అడగలేం.”

నేను తలుపు పిడి మీంచి చెయ్యి తియ్యలేదు. “సగటు అడగరా సిస్టర్?”

“చదివేవాళ్ళని అడుగుతాం,” అంది సిస్టర్ పెర్పెతువా. “చెప్పేవాళ్ళని ఎప్పుడూ అడగలేదు. ఎవరికీ తోచినట్టు లేదు.”

“నేను చెప్పడానికి రాలేదు. చదవడానికి వచ్చాను.”

“తెలుసు. కూచో.” ఆవిడ కళ్ళజోడు తీసి అంగీ అంచుతో తుడుచుకుంది. “ఇక్కడ పనిచేసేవాళ్ళెవరైనా ఒక కోర్సు ఊరికే చదువుకోవచ్చు. మా వంటమనిషి అలా చదివే ఇప్పుడు పిల్లల వార్డులో ఉంది. ఆ రూలు రాసిన సిస్టర్ చనిపోయి చాలా కాలమైంది. సగటు సంగతి ఆవిడ రాయలేదు. బొమ్మల సంగతీ రాయలేదు. ఆవిడ కాలంలో ఈ బొమ్మలు లేవు.”

“సిస్టర్, మరి నా రిపోర్టు?” అంది ఒడెస్సా.

“రాయమ్మా. మంచం దగ్గరికి పనికిరాదని రాయి. ఇన్నేళ్ళలో ఎవరు పనికిరారో మంచం దగ్గరే చూశాను. ఈ పిల్లనీ అక్కడే చూస్తాను. పనికిరాకపోతే నేనే పంపించేస్తా, నీ కాగితంతో సహా.”

ఒడెస్సా నావైపు చూసింది. కోపమో ఉపశమనమో పోల్చుకోలేకపోయాను. మొహాలు చదవడం నాకెప్పుడూ రాదు, అందుకే బొమ్మల్లో పడ్డాను.

“పొగ కుడివైపుకని పిల్లలకి చెప్పకు,” అంది చివరికి. “ఎడంవైపుకి పోయినా ఏం కాదు.”

ఇంటికెళ్ళి నానాయ్‌కి చెప్పాను. ఆమె పిల్లల కాపీలు దిద్దుతోంది. ఎర్రపెన్ను ఆపి రెండుసార్లు చెప్పించుకుంది.

“విద్యార్థిగా పనికిరావన్నారు.”

“ఆ.”

“టీచరుగా పనికొస్తావన్నారు.”

“ఆ, నానాయ్.”

ఆమె ఇంకో కాపీ తీసుకుంది. “ముప్ఫై ఏళ్ళుగా మా టీచర్ల మీద నాకీ అనుమానం ఉంది,” అని మళ్ళీ దిద్దడం మొదలెట్టింది. గోడమీది క్యాలెండరు మాత్రం తియ్యలేదు. నేనూ అడగలేదు.

జూన్‌లో క్లాసులు మొదలయ్యాయి. రెండో పరీక్షలో ముప్ఫై ఏడుగురిలో చాలామంది నెగ్గారు. డాక్ తనని తానే వేసుకున్నాడట, నెత్తిన ప్లాస్టిక్ సంచీ కప్పుకుని వానలో పురుడు పోయడానికి పరిగెడుతున్నట్టు. గొడుగు లేదు కాబట్టి రక్షణ లేని మనిషనీ, పరిగెడుతున్నాడు కాబట్టి ఆశ ఉన్న మనిషనీ ఒడెస్సా రాసింది.

పొద్దున ఎనిమిదింటికి వాళ్ళకి నేను సైకాలజీ చెప్పాలి. గదిలోకి వెళ్ళగానే అందరూ లేచి “గుడ్ మార్నింగ్ మేడమ్” అన్నారు. అందరికన్నా గట్టిగా డాక్ అన్నాడు. మనిషి తనకి తెలియకుండానే తనని ఎలా మోసం చేసుకుంటాడో ఆ రోజు పాఠం. బాగానే చెప్పాను. ఉదాహరణలకి కొదవ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి కింది అంతస్తులో పక్క వేయడం నేర్పే క్లాసు. స్టాఫ్ రూములో కుర్చీలోంచి లేచి, కొత్త తెల్ల యూనిఫాం తొడుక్కుని, మెట్లు దిగి వెళ్ళి, డాక్ పక్క బెంచీలో కూచున్నాను. ఆయన కొంచెం జరిగాడు.

“మేడమ్, మీరు ఇక్కడ?” అన్నాడు పెదవులు బిగబట్టి.

“నోర్మూసుకోండి డాక్. ఇక్కడ నేను మీ జూనియర్ని, అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాను.”

పాఠం చెప్పడానికి వచ్చిన అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. పేర్లు చదువుతూ నా పేరు దగ్గర ఆగి, తలెత్తి చూసింది. పొద్దున స్టాఫ్ రూములో నాకు కాఫీ ఇచ్చింది తనే.

“మేడమ్, స్టాఫ్ రూము పైన.”

“తెలుసు,” అన్నాను. “నేను ఇక్కడే.”

తను పేర్ల పుస్తకం మూసింది. తర్వాత తనకి చేతనైనంత కఠినంగా, గది మధ్యనున్న మంచం చూపించింది. వెళ్ళి దుప్పటి పరిచాను. లోలా మంచానికి వేసినట్టే, మూల మడిచి పరుపు కిందికి దోపాను. తను వంగి మడత చూసింది, రెండు వేళ్ళతో లాగింది. అది ఊడొచ్చింది.

“మళ్ళీ,” అంది.

దుప్పటి పూర్తిగా తీసి, మొదటి నుంచి మొదలుపెట్టాను.